డిప్పులో ఒకరు తక్కువ

ఆదివారం, మొదటి షిఫ్టు

పంపుగుంటలో నీరు నిన్నటికంటే జానెడు తగ్గింది. పెద్ద పంకా బాగానే తిరుగుతోంది. చిన్నది మూలుగుతోంది గానీ ఆగలేదు.

సభలో కూర్చునే ప్రతినిధులంతా రోజూ డైరీ రాయాలన్నది పాత గని రోజుల నుంచి వస్తున్న రూలు. నీళ్ళ సంగతి, గాలి సంగతి తప్పకుండా రాయాలి. మిగతాది ఎవరిష్టం వాళ్ళది. నాకు నోరెక్కువ కాబట్టి మిగతాదే ఎక్కువ రాస్తుంటాను.

లైట్లు వెలగగానే ఇంటి గోడలు తుడిచాను. నీళ్ళు పట్టుకొచ్చేలోపే మళ్ళీ తెల్లగా పేరుకుంది. బొగ్గు గోడలు అంటుకోకుండా వాటి మీద ఎప్పుడూ సున్నపుపొడి చల్లుతూ ఉండాలి. చల్లకపోతే మంటల్లో పోతాం, చల్లితే ఛాతీలో సున్నం గడ్డకట్టి పోతాం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైన ఎండకు మనుషులు పిట్టల్లా రాలిపోతుంటే మా తాతలు ఈ గనిలోకి దిగారు. ఎంత చల్లగా ఉందో అని సంబరపడ్డారట. పాపం, వాళ్ళనేమనగలం.

మా అక్క రాజక్క ముప్ఫై ఏళ్ళు సున్నం చల్లింది. ఇప్పుడు అరవై దాటింది. పడుకుంటే ఊపిరాడదు, అందుకని గోడకు దిండు ఆనించి కూర్చునే నిద్రపోతుంది. అమ్మ పోయాక నన్ను ఎత్తుకుని పెంచింది ఆమే. గంజి తాగించడానికి ఇవాళ చాలాసేపు పట్టింది. రెండు గుక్కలకోసారి ఆగి ఊపిరి తీసుకోవాలి కదా మరి.

దీనికి మందు లేక కాదు. ఊపిరితిత్తుల్లోకి నీరు పంపి సున్నం కడిగేసే యంత్రం ఉంది. దాన్ని అందరూ కడుగుడు బల్ల అంటారు. ఒక బల్ల మొదటి లెవెల్లో ఉంది, ఇంకోటి రెండో లెవెల్లో. ఏ లెవెల్‌కు ఆ లెవెల్ చందాలు వేసుకుని సొంతంగా గాలిపద్దు నడుపుకుంటుంది, పంకాలకూ బల్లకూ డబ్బు అందులోంచే. మూడో లెవెల్ వాళ్ళ పద్దు రెండో లెవెల్‌కు అద్దె కట్టి తమవాళ్ళను పంపుతుంది. అన్నిటికీ అడుగున ఉన్న మాది డిప్పు. మా పద్దులో పంకాల ఖర్చు పోగా మిగిలేది ఉప్పుకు కూడా చాలదు.

శనివారం సభ అని ఈరోజు చాటింపు వేశారు. నేను పెట్టిన ఒకే పద్దు బిల్లు ఆరోజు ఓటుకు వస్తుంది. నాలుగు పద్దులూ కలిపేయాలి, ఎవరికి ముందు అవసరమైతే వాళ్ళు ముందు బల్ల ఎక్కాలి. బిల్లులో ఉన్నది అంతే.

సోమవారం, రెండో షిఫ్టు

మూడో లెవెల్‌కు ఎక్కాను. వాళ్ళది పుట్టగొడుగుల సాగు. అక్కడ అడుగుపెట్టగానే తడి గడ్డి వాసన వస్తుంది, నాకు ఆ వాసనంటే ఇష్టం. వాళ్ళ పెద్ద ప్రతినిధి బుచ్చవ్వ పుట్టగొడుగులు కోస్తూనే మాట్లాడింది. తనతో కలిపి నలుగురు నావైపే అంది. అయిదోవాడి మాట ఎత్తగానే ఆమె మొహం తిప్పుకుంది. వాడు ఆమె అల్లుడే.

తర్వాత రెండో లెవెల్ వర్క్‌షాపులో నర్సింగాన్ని కలిశాను. మంచివాడే గానీ గాలి ఎటు వీస్తే అటు వాలే మనిషి. సొంత బల్ల ఉన్న లెవెల్ మాది, రేపు డిప్పు అంతా వచ్చి వరుసలో నిలబడితే మా వాళ్ళు నన్ను తంతారు అని బాధపడ్డాడు. నిజమే, తంతారు. ఆ మాటే చెప్పాను. వాడికి నవ్వొచ్చింది. తను, సభలోనే ఉన్న తన తోడల్లుడు ఇద్దరూ ఓటుబిళ్ల వేస్తామని చివరికి ఒప్పుకున్నాడు.

సభలో ఒక్కో లెవెల్‌కు అయిదుగురు, మొత్తం ఇరవై మంది. డిప్పు అయిదు, మూడో లెవెల్ నాలుగు, రెండో లెవెల్ రెండు. పదకొండు. ఒక్క బిళ్ల కూడా అదనం లేదు.

ఓట్ల కంటే నాకు భయం చావంటే. ఒక పద్దు కింద చావు జరిగితే ఆ పద్దు వాళ్ళందరికీ మూడు రోజులు మైల. ఆ లెవెల్ ప్రతినిధులు బిళ్ల ముట్టకూడదు. ఇది రూలు కాదు, ఆచారం, అందుకే ఎవరూ మార్చలేదు. నిరుడు ఇదే బిల్లు సభకు వచ్చిన రోజు డిప్పులో చావు. అంతకు ముందేడూ అంతే. ఊపిరాడక చచ్చేది మేము, చచ్చామని ఓటు పోయేది మాకు. ఇంత సక్కటి ఏర్పాటు కావాలని చేద్దామన్నా ఎవరికీ కుదరదు.

పంపులు ఆపేయొచ్చు కదా అని కుర్రకారు అంటుంటారు. ఆపితే మొదట మునిగేది మేమే.

మంగళవారం, మొదటి షిఫ్టు

సభాపతి రఘోత్తం కబురు పంపితే మొదటి లెవెల్‌కు వెళ్ళాను. అక్కడి లైట్లు ఎండలా పచ్చగా ఉంటాయి. కిటికీలో తులసి మొక్క కూడా ఉంది. గోడలకు రంగు వేసుకున్నారు. టీ ఇచ్చారు, తాగాను. కోపం ఉందని టీ వదులుకునే రకం కాదు నేను.

ఆయన డొంకతిరుగుడు లేకుండా మాట్లాడాడు. ఒకే పద్దు బిల్లును నేనే ఉపసంహరించుకోవాలి, అయిదేళ్ళు మళ్ళీ ఎత్తకూడదు. దానికి బదులు ఆయన మెట్ల బిల్లు తెస్తాడు. అరవై దాటినవాళ్ళకు, పదేళ్ళలోపు పిల్లలకు ఏ లెవెల్ వాళ్ళయినా మొదటి లెవెల్ బల్ల మీద ఊరికే కడుగుడు. ఓటు పడిన మర్నాడే మొదలు. ఆ తర్వాత ఒక్కో మెట్టూ.

ఆయన్ను దొంగ అనలేను. పిల్లల పాలపొడి ఆయన అలాగే తెచ్చాడు. ముందు మూడేళ్ళలోపు వాళ్ళకు, తర్వాత అయిదు, తర్వాత పది. మా డిప్పు పిల్లలు ఆ పాలు తాగే పెరిగారు.

"ఉన్నదాన్ని పంచుకోమంటే ఎవరూ ఒప్పుకోరు, స్వరూపమ్మా. లేనివాళ్ళకు కొంచెం పెడదామంటే ఎవరూ కాదనరు. నేను ఇరవై ఏళ్ళు సభలో నేర్చుకున్నది ఇంతే" అన్నాడు.

"మెట్లు మీరు మీదికెల్లి కట్టుకుంట వస్తరు సార్. మా దాక వచ్చేసరికి ఇటుకలు ఒడుస్తయ్" అన్నాను.

ఆయన నవ్వలేదు. మీ అక్కకు ఎలా ఉంది అని అడిగాడు. ఆ ప్రశ్న ఆయన బేరంగా అడిగాడో మంచితనంతో అడిగాడో దిగి వచ్చేదాకా ఆలోచించాను. రెండూ అయ్యుండొచ్చు. దారిలో రెండుసార్లు కూర్చోవలసి వచ్చింది, నా ఛాతీ కూడా అంతంత మాత్రమే.

మంగళవారం, రెండో షిఫ్టు

అక్కకు చెప్పకుండా ఉందామనుకున్నాను. నా మొహం చూసి ఆమే లాగింది. అంతా విని దిండు మీద నుంచి కాస్త లేచి కూర్చుంది.

"అంటే ఆదివారం నన్ను కడుగుతరు."

నువ్వొక్కదానివే కాదు కదక్కా, మిగతావాళ్ళ సంగతి ఏంటని అన్నాను. ఇప్పుడే పదకొండు ఓట్లు దొరికాయి, అయిదేళ్ళు నోరు మూసుకోమంటున్నారు అని కూడా అన్నాను.

ఆమె చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"నాకు బతకాలనున్నది స్వరూపా. సిగ్గేమున్నది చెప్పటానికి? నీ బిల్లును నా పాడె మీద వెట్టి మోస్తవా?"

జారిన దిండును మళ్ళీ గోడకు ఆనించాను. ఇలాంటప్పుడు తోబుట్టువును త్యాగం చేయమని అడగడం ఎంత నీచమో నాకు తెలుసు. అడగలేదు. కానీ సరే అనలేదు కూడా.

బుధవారం, మొదటి షిఫ్టు

చిన్న పంకా ఆగిపోయింది. మొత్తం డిప్పు నోరు తెరుచుకుని కూర్చుంది. పోశం వచ్చి బాగుచేశాడు. పంపుల దగ్గర అందరికంటే పనిమంతుడు, నలభై కూడా లేవు. పంకా తిరిగాక నేల మీద కూలబడి దగ్గాడు. దగ్గిన గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు గానీ నేను చూశాను. తెల్లటి గడ్డలు, వాటి మీద ఎర్రగా.

అతని భార్య లలిత కూడా పంపుల మీదే పని చేస్తుంది. మెట్ల బిల్లు సంగతి అప్పటికే డిప్పంతా పాకింది. ఇంటింటికీ ఒక్కో మాట. ముసలివాళ్ళున్న ఇళ్ళలో ఒప్పుకోమన్నారు. పంపుల మీద పనిచేసే ఇళ్ళలో నా మొహం చూడలేదు. లలిత మాత్రం దగ్గరికి వచ్చింది.

"అరవై నిండేదాక ఆయన ఆగుతడా అక్కా? నువ్వే చెప్పు."

మీ అక్క కోసం మా మొగుళ్ళను అమ్ముతావా అని ఆమె అడగలేదు, అది ఆమె మంచితనం. నేనే రోజంతా నన్ను అదే అడుగుతున్నాను.

గురువారం, రెండో షిఫ్టు

మళ్ళీ మొదటి లెవెల్. పంపువాళ్ళను కూడా మొదటి మెట్టులో చేర్చండి, ఇప్పుడే ఉపసంహరించుకుంటానని చెప్పాను. రఘోత్తం నిజంగానే ప్రయత్నించాడు, పక్క గదిలో తన నలుగురితో గొంతు పెంచి మాట్లాడటం వినిపించింది. తిరిగొచ్చి తల అడ్డంగా ఊపాడు. ముసలివాళ్ళంటే జాలి, పిల్లలంటే ముద్దు. పనిచేసే వయసువాళ్ళను చేర్చితే మా చందా ఎంత పెరుగుతుంది అని అడిగారట. శనివారం సభ మొదలయ్యే ముందు ఏ సంగతో చెప్పమన్నాడు.

శుక్రవారం, మొదటి షిఫ్టు

నీరు జానెడు పెరిగింది. అక్క గోళ్ళు నీలంగా ఉన్నాయి. గంజి పోలేదు.

ఉపసంహరించుకుంటాను. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి మాట తప్పలేను. పదకొండు ఓట్లు అంటున్నాను గానీ నర్సింగం శనివారం దాకా మాట మీద ఉంటాడని ఏమిటి నమ్మకం? పైగా డిప్పులో ఎవరూ పోకుండా ఉండాలి. చేతికి అందే ముద్దను వదిలి ఉట్టి మీద కుండకు ఎగరడం తెలివైనవాళ్ళ పని కాదు. పోశం లాంటివాళ్ళ ఇళ్ళకు నేను ఏం మొహం పెట్టుకుని వెళ్తానో తర్వాత చూసుకుందాం.

అక్కకు చెప్పాను. రేపు సభలో చెప్తానక్కా, ఆదివారం నిన్ను పైకి మోయిస్తాను అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత అడిగి మరీ నాలుగు చెంచాల గంజి తాగింది.

శనివారం, సభకు ముందు

తల దువ్వుకుంటుంటే లలిత వచ్చింది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని ఉంది.

"ఆయన పోయిండు అక్కా. లైట్లు ఎలగక ముందే."

నేను లేచేలోపే తలుపు మూసింది. చావు ఇంటి ముందు దీపాన్ని గోడవైపు తిప్పడం మా పద్ధతి. అది చూసి లెవెల్ అంతా తెలుసుకుంటుంది.

"దీపం తిప్పలే. సభ అయినంక తిప్పుత. నువ్వు పోయి బిళ్ల ఏసిరా. అందాక నేను ఏడ్వ."

వద్దు అని నోటిదాకా వచ్చింది. వద్దనలేదు. ఎందుకంటే వెంటనే లెక్క వేసుకున్నాను. పోశం పోయాడని తెలియకపోతే మా అయిదు బిళ్లలూ ఉంటాయి. ఒకే పద్దు గెలుస్తుంది, అక్కకు రేపే బల్ల దొరుకుతుంది. ఉపసంహరణ అక్కర్లేదు, ఎవరినీ అమ్మక్కర్లేదు. చచ్చిన మనిషి పక్కింట్లో ఉండగా నా బుర్ర ఇంత చురుగ్గా పని చేయడం నాకే అసహ్యంగా ఉంది.

ఒక్కటే అడ్డు. బిళ్లలు వేసే ముందు సభాపతి ఒక్కో లెవెల్‌ను పేరు పెట్టి, అందరూ ఉన్నారా అని అడుగుతాడు. బొగ్గు తీసే రోజుల్లో షిఫ్టు ముగిసి బయటికొచ్చేటప్పుడు, గుంపును నడిపే సర్దారును అలాగే అడిగేవారు. సర్దారు ఉన్నారంటే తలుపు మూసేవారు. ఒక్కడు లోపల ఉండిపోయినా, లెక్క సరిపోయిందని సర్దారు అన్నాక ఎవరూ వెతకరు. ఈ గనిలో పుట్టినవాళ్ళు ఎన్ని అబద్ధాలైనా ఆడతారు. ఆ లెక్క దగ్గర మాత్రం ఆడరు. నేను ఇవాళ ఆడాలి.

లలిత నా జడ తనే పూర్తిగా అల్లి పంపింది.

శనివారం, సభ తర్వాత

వరుసగా రాస్తాను, లేకపోతే నాకే నమ్మకం కుదరదు.

సభ గదిలో గోడకు చెక్క పలక, దానికి మేకులు. బిల్లు కావాలనుకున్నవాళ్ళు తమ ఇత్తడి బిళ్ల తీసుకెళ్ళి మేకుకు తగిలించాలి. నా బిళ్ల పిడికిట్లో చెమటకు జారుతోంది. మొదలయ్యే ముందు రఘోత్తం నావైపు చూశాడు. ఏం చెప్తానో అని ఆగాడు. నేను చెప్పలేదు. ఆయన లెక్క మొదలుపెట్టాడు, కింది నుంచి పైకి అడగడం ఆనవాయితీ.

"డిప్పు. అందరూ ఉన్నారా?"

నేను లేచాను. మా మిగతా నలుగురు ప్రతినిధులకు ఏమీ తెలియదు, బిళ్లలు పట్టుకుని ఉషారుగా ఉన్నారు. ఉన్నారు అనడానికి ఎంతసేపు? నోరు తెరిచాను. పోశం గుర్తొచ్చాడు, పంకా బాగుచేసి నేల మీద కూలబడ్డ పోశం. నేను ఆ మాట అంటే తలుపు మూసుకుంటుంది. వాడు లోపలే ఉండిపోతాడు.

"లేరు. ఒకరు తక్కువ" అన్నాను. "పోశం."

మా వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు బిళ్లలు కింద పెట్టారు. నర్సింగం తల దించుకున్నాడు. ఇక మిగిలింది ఒక్కటే, ఉపసంహరణ. మైలలో బిళ్ల ముట్టకూడదు గానీ నోరు విప్పొచ్చు. ఆ మాట నాలుక చివరికి తెచ్చుకున్నాను. ఈలోపు రఘోత్తం మూడో లెవెల్‌ను అడిగేశాడు.

బుచ్చవ్వ కూర్చునే చెప్పింది. "ఒకరు తక్కువ."

ఎవరు పోయారని ఆయన గాభరాగా అడిగాడు.

"పోశం."

పోశం మీ పద్దు మనిషి కాదు కదా అన్నాడు. అందులో వెటకారం లేదు, ఆయనకు నిజంగా అర్థం కాలేదు.

"పద్దులు కలుపుదామనే గద సార్ ఈ బిల్లు. ముందుగాల చావు కలుపుకున్నం. పైసలు తర్వాత కలుపుకుంటం."

ఆమె బిళ్ల బల్ల మీద పెట్టిన చప్పుడు విన్నాను. ఇంకో ముగ్గురు పెట్టారు. అల్లుడు పెట్టలేదు. తర్వాత రెండో లెవెల్. నర్సింగం లేవడానికి చాలాసేపు పట్టింది. ఒకరు తక్కువ అని గొణిగాడు. వినపడలేదన్నారు. ఈసారి గట్టిగా అన్నాడు. వాడి పంపులకు సామాన్లు చేసి ఇచ్చేవాణ్ని నేనే అని, ఎవరూ అడక్కుండానే చెప్పి ఏడ్చాడు. ఎటు వీస్తే అటు వాలే మనిషి అని నేను రాసింది ఈ నర్సింగం గురించే.

తొమ్మిదిమంది మిగిలారు. పదకొండుమంది లేనిదే సభ నడవదు.

వాయిదా వేసే ముందు రఘోత్తం నావైపు తిరిగాడు. "స్వరూపమ్మా, మీరేమైనా చెప్పాలా?" అన్నాడు. మెల్లగా, మంచిగా అడిగాడు. ఉపసంహరిస్తున్నాను అంటే చాలు, వాయిదా ఉండదు. నా బిల్లే లేకపోతే మైల పట్టినవాళ్ళలో ఇద్దరిని మళ్ళీ కూర్చోబెట్టి, మెట్ల బిల్లు గట్టెక్కించే దారి ఆయన చూసుకుంటాడు. ఆ విద్య ఆయనకు తెలుసు. రేపు అక్క బల్ల మీద ఉంటుంది.

బుచ్చవ్వ నన్ను చూడలేదు. ఎవరూ చూడలేదు. చూసి ఉంటే బాగుండేది, వాళ్ళ మీద తోసేసేదాన్ని.

ఏమీ లేదు సార్ అన్నాను.

దిగి వచ్చేసరికి లలిత ఇంటి దీపం గోడవైపు తిరిగి ఉంది. దూరం నుంచే ఆమె ఏడుపు వినిపించింది.

ఆదివారం

అక్క ఒక్కటే మాట అంది. "రేపు చెప్తానంటివి."

మంగళవారం మైల తీరుతుంది, ఓటు పడుతుంది అన్నాను. మూడు రోజులు గాలి నేనెక్కడికెల్లి తేవాలె అంది. మొహం గోడవైపు తిప్పుకుంది. నర్సింగం కబురు పంపాడు. రెండో లెవెల్ బల్ల మంగళవారం ఖాళీ అవుతుంది, పద్దు సంగతి తను చూసుకుంటాడు, తీసుకురమ్మని. అంతకంటే ముందు కుదరదా అని నేనే ఎక్కి వెళ్ళి అడిగాను. వరుసలో ఉన్నవాళ్ళు కూడా నీలపు గోళ్ళవాళ్ళే. నా కళ్ళతో చూసి దిగి వచ్చాను.

సోమవారం

రాజక్క పోయింది. వీపు రాస్తూ పక్కనే ఉన్నాను.

చివరి మాట నన్ను క్షమించే మాట కాదు. "నీకు నాకంటె ఆళ్ళే ఎక్కువైన్రు" అంది. కాదక్కా అన్నాను. ఆమె వినే ఉంటుంది, కానీ నమ్మలేదు. నేనే దీపం తిప్పాను.

నీటిమట్టం చూడలేదు.

బుధవారం

డిప్పుకు మళ్ళీ మైల. మూడో లెవెల్ నలుగురూ, రెండో లెవెల్ ఇద్దరూ మా అక్కకు కూడా మైల పట్టారు. సభ కూర్చోలేదు. సభ కూర్చోకపోతే పైన గిడ్డంగి నుంచి వారంవారం వచ్చే బియ్యం లిఫ్టు దించడానికి అనుమతి ఉండదు. రెండో లెవెల్లో ఇవాళ గంజి కాచుకున్నారట, మొదటి లెవెల్లో కూడా బియ్యం డబ్బాలు ఖాళీ అయ్యాయట.

రఘోత్తం ఒక ఉపాయం చెప్పి పంపాడు. మైలను మూడు రోజుల నుంచి ఒక రోజుకు తగ్గిద్దాం, మెల్లగా అలవాటు చేద్దాం అని. అది మార్చాలన్నా సభ కూర్చోవాలి కదా అని బుచ్చవ్వ తిరిగి కబురు చేసింది. ఆ మాట విని డిప్పులో నవ్వారు. చావు ఇంట్లో కూర్చుని నేనూ నవ్వాను, ఆ తర్వాత చాలాసేపు దగ్గాను.

శుక్రవారం

సభ జరిగింది. అందరూ ఉన్నారా అని అడిగితే నాలుగు లెవెళ్ళూ ఉన్నారనే చెప్పాయి. పలక మీద పదమూడు బిళ్లలు పడ్డాయి. బుచ్చవ్వ అల్లుడు కూడా వేశాడు, ఇంట్లో బియ్యం అయిపోయాయి మరి. ఇంకొకటి రెండో లెవెల్ నుంచి వచ్చింది. రఘోత్తం బిళ్ల వేయలేదు.

అందరూ వెళ్ళాక ఆయన ఉండిపోయాడు. ఈ పద్దు నడపడం మీరనుకున్నంత తేలిక కాదు, వరుసలు పెరుగుతాయి, మా వాళ్ళు చందా ఎగ్గొడతారు, రేపటి నుంచి దాన్ని నిలబెట్టడమే నా పని అన్నాడు. ఓడిపోయిన బిల్లుకు గుమాస్తాగిరీ చేస్తానంటున్న మనిషికి దణ్ణం పెట్టాను.

"నా దారిలో పోయి ఉంటే మీ అక్క బతికి ఉండేది" అన్నాడు. గెలిచానన్న గొంతు కాదు అది.

"ఉండేది సార్" అన్నాను.

సోమవారం, రెండో షిఫ్టు

నీరు మామూలే. పంకాలు రెండూ తిరుగుతున్నాయి. పోశం పనిలో లలిత చేరింది.

డిప్పు నుంచి మొదట ఎవరిని పంపాలి అని కూర్చుని మాట్లాడుకున్నారు. అందరూ నా పేరే అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కకు దొరకనిది నాకెందుకు, నన్ను చంపాలనుందా అని అరిచాను. లలిత లేచి వచ్చింది.

"నువ్వు మూడు మెట్లెక్కి కూసుంటున్నవ్ అక్కా. నీ తర్వాత నేను పోత. పా" అంది. ఓదార్పు మాట ఒక్కటి కూడా లేదు. అందుకే లేచాను.

మొదటి లెవెల్ బల్ల చల్లగా ఉంది. మత్తు ఇచ్చారు. మెలకువ వచ్చేసరికి పక్కన సీసాల నిండా బియ్యం కడుగులాంటి నీళ్ళు. నర్సు మెల్లగా లేపి కూర్చోబెట్టి, అమ్మా ఇప్పుడు లోపలికి పీల్చు అంది.

పీల్చాను. గాలి వచ్చింది. ఇంకా వచ్చింది. ఛాతీ అడుగుదాకా పోయింది, ఎక్కడా తగల్లేదు. గాలి ఇంత ఉంటుందని, ఇంత సులువుగా వస్తుందని నాకు తెలియదు. అక్క అడిగింది ఇదే. ఆరోజు సభలో ఒక్క మాటతో ఇప్పించగలిగి ఉండి ఇప్పించలేదు. అప్పుడు ఏడుపు వచ్చింది. అక్క పోయిన రోజు నుంచి ఎన్నిసార్లు మొదలుపెట్టినా దగ్గుతో ఆగిపోయిన ఏడుపు అది. ఇవాళ ఆగలేదు. చివరిదాకా ఏడవడానికి ఊపిరి సరిపోయింది.